చుక్క తిరిగిన సందు

మొన్న జనవరి మొదటి ఆదివారం సాయంత్రం కామారెడ్డిలో మా ఇంటికి ఫాదర్ గారు వచ్చారు, ఇల్లు ఆశీర్వదించి పోవడానికి. చిన్నవాడు, నిరుడే వచ్చాడు. ఇంకా పదిహేను ఇండ్లు తిరగాలట. గబగబా ప్రార్థన చదివి, గదుల్లో తీర్థం చిలకరించి, సంచిలోంచి ఒక స్టిక్కర్ తీసి దర్వాజ పైన అంటించాడు. ఏడాది అంకెలు, మధ్యలో ముగ్గురు రాజుల పేర్లకు మూడు అక్షరాలు, నడుమ సిలువలు, అన్నీ రంగుల్లో అచ్చు వేసి ఉన్నాయి.

"సుద్దముక్క తేలేదా ఫాదర్?" అని అడిగాను.

"కిరాయి ఇండ్లల్ల ఓనర్లు ఒప్పుకుంటలేరమ్మా, గోడ ఖరాబైతదంటున్నరు. ఇదైతే మంచిగ అంటుకుంటది" అన్నాడు నవ్వుతూ.

నిజమే, ఆయన తప్పేం లేదు. చాయ్ తాగమంటే ఆగకుండా వెళ్లిపోయాడు. ఆయన వెనక వచ్చిన పిల్లవాడు ఊపిన సాంబ్రాణి పొగ మాత్రం చాలాసేపు కిటికీ తెరలను పట్టుకుని ఉండిపోయింది. నేను దీపం పెట్టడం కూడా మరిచిపోయి అక్కడే కూర్చున్నాను.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి వచ్చే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. క్రైస్తవుల ఇండ్లు ఇరవైకి లోపే. క్రిస్మస్ కాగానే మా పండుగలు అయిపోయాయని ఊళ్లో మిగతావాళ్లు అనుకునేవాళ్లు. కానీ మాకు ఇంకొకటి ఉండేది, చుక్క వెంట నడిచి వచ్చి బాలయేసును మొక్కిన ముగ్గురు రాజుల పండుగ. మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, దాన్ని 'మిగిలిన పండుగ' అనేది. ఎందుకంటే ఆ రోజుకు కొత్తగా ఏమీ వండేవాళ్లు కాదు. క్రిస్మస్‌కు చేసిన సకినాలు, గరిజెలు రేకు డబ్బాలో అడుగున కొన్ని దాచి, డబ్బా అటక మీద పెట్టి, నిచ్చెన తీసేసేది అవ్వ. ఆ నిచ్చెన ఎక్కడ దాచిందో కనుక్కోవడమే మా పిల్లలకు ఆ పది రోజులూ పని.

అప్పటికి ఊరు సగం ఖాళీ అయ్యేది. కొన్ని కుటుంబాలు చెరుకు కొట్టడానికి పోయేవి. ఉన్నవాళ్లు యాసంగి నాట్లలో ఉండేవాళ్లు. గుడికి వచ్చిన ఆడవాళ్లు ఎంత కడుక్కున్నా కాలివేళ్ల సందుల్లో బురద ఎండి ఉండేది. పెంకుల గుడిలో కిందనే కూర్చునేవాళ్లం. బురద వాసన, కొబ్బరినూనె వాసన, సాంబ్రాణి వాసన ఒక్కటైపోయేవి. ఫాదర్ ఎల్లారెడ్డి నుంచి పదిహేను రోజులకొకసారి మోటార్ సైకిల్ మీద వచ్చేవాడు. మిగతా రోజుల్లో గంట కొట్టడం దగ్గర్నుంచి సమాధి తవ్వించడం దాకా అన్నీ మా ఉపదేశి తాతే.

ఆయన మాకు బంధువు కాదు, ఊరంతటికీ తాత. ధోవతి మీద పాత కోటు తొడుక్కుని సైకిల్ తోసుకుంటూ వచ్చేవాడు. ఎక్కి తొక్కగా నేనెప్పుడూ చూడలేదు. ముగ్గురు రాజుల వేషాలకు పిల్లల్ని ఎంచి, వారం ముందు నుంచి నడక నేర్పించేవాడు. నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడు ఒక రాజు ఆయన మనుమడు, ఇంకొక రాజు మా పెదనాన్న కొడుకు, మూడో రాజు నా దోస్తు. నా దోస్తువాళ్లు హిందువులు, మా పక్కిల్లే. వాళ్ల నాన్న దుబాయిలో ఉండేవాడు. "నన్ను గూడ రాజును చేస్తవా తాతా?" అని అది అడిగితే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"చేస్త బిడ్డా. ఆ ముగ్గురు గూడ మనోల్లేం గాదు. ఎక్కడి దేశపోల్లో, ఏ దేవుని మొక్కుతుండిరో. ఐనా అచ్చిండ్రు గద" అన్నాడు.

నేను పొడుగ్గా ఉన్నానని చుక్క పట్టుకునే పని నాకు ఇచ్చాడు. వెదురుబద్దలతో చుక్క కట్టి, పతంగుల కాగితం అంటించి, లోపల టార్చిలైటు పెట్టి, పొడుగాటి కట్టెకు బిగించాం. నేను ముందు నడవాలి, రాజులు నా వెనక నడవాలి.

రాజులు తెచ్చే మూడు కానుకల్లో బంగారం అంటే ఇత్తడి చెంబు. సాంబ్రాణి గుడిలోదే. కానీ మూడోది, బోళం అనే చెట్టుబంక మాత్రం తాత కామారెడ్డికి పోయి మూలికల దుకాణంలో కొనుక్కొచ్చేవాడు. "ఆటకైనా బోళం బోళమే ఉండాలె" అనేవాడు. ఎర్రటి గడ్డలు, చూస్తే బెల్లం ముక్కల్లా ఉండేవి. ఒకరోజు ఆయన గంట తాడు ముడి వేస్తుంటే, నేనూ నా దోస్తూ చెరొక ముక్క నోట్లో వేసుకున్నాం. అంత చేదు నేను మళ్లీ జీవితంలో తినలేదు. ఉమ్ముతుంటే తాత చూశాడు.

"చేదున్నదా? మంచిగైంది. గది సచ్చినోల్లకు పూసేది" అన్నాడు.

నా దోస్తు చచ్చిపోతానని గట్టిగా ఏడుపు అందుకుంది. ఆయన కోటు జేబులోంచి బెల్లం ముక్క తీసి ఇద్దరికీ పంచేదాకా ఆపలేదు.

ఇక అసలు సంగతి. మా గుడికి గంట వేలాడదీసే రాతి కమాను కట్టింది మా అవ్వ అన్న. ఊరంతా మేస్త్రి అనేవాళ్లు, నేను మేస్త్రి తాత అనేదాన్ని. ఆయన భార్య చిన్న వయసులోనే పోయింది. ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల సగం రోజులు మా ఇంట్లోనే పెరిగింది, నేను చిన్నమ్మా అనేదాన్ని. ఆమెను మా చిన్నాయనకు చేసుకోవాలని అవ్వ మనసులో ఉండేదట. కానీ చిన్నమ్మ రామారెడ్డిలో ఒక హిందువుల అబ్బాయిని ఇష్టపడింది. మేస్త్రి తాత బిడ్డ మాట కాదనలేక అబ్బాయి ఇంటి దగ్గరే పెండ్లి చేస్తానన్నాడు. మా క్రైస్తవ సంఘపెద్ద గుడిముందు అందర్నీ కూర్చోబెట్టి, ఆ పెండ్లికి మనవాళ్లెవ్వరూ పోవద్దని తీర్మానం చేశాడు.

ఎవ్వరూ పోలేదు. మా అవ్వ కూడా పోలేదు. బిడ్డ తరఫున మేస్త్రి తాత ఒక్కడే పోయి, ఒక్కడే వచ్చాడు. ఆ తర్వాత ఆయన గుడి మెట్టు ఎక్కలేదు. మూడేళ్లపాటు అన్నాచెల్లెండ్లకు మాటల్లేవు. రెండు సందుల దూరం. అవ్వ బోరింగుకు పోవాలంటే ఆ ఇంటి ముందునుంచే దగ్గర దారి, అయినా బిందె చంకన పెట్టుకుని చుట్టూ తిరిగి వచ్చేది. ఆయన పేరు ఎవరైనా ఎత్తితే చీపురు అందుకునేది, కొట్టడానికి కాదు, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేది.

పండుగకు నాలుగు రోజుల ముందు అమ్మ నన్ను పాలకు పంపింది. చలి బాగా ఉంది. దగ్గర దారి అని మేస్త్రి తాత సందులోంచి పోతుంటే లోపలినుంచి పసిపిల్ల ఏడుపు వినబడింది. తలుపు సగం తీసి ఉంది. తొంగి చూశాను.

మేస్త్రి తాత వాకిట్లో పీట మీద కూర్చుని, చాపిన కాళ్ల మీద పిల్లను పడుకోబెట్టుకుని నీళ్లు పోయడానికి చూస్తున్నాడు. కాగిన నీళ్లలో చన్నీళ్లు కలుపుతాడు, మోచెయ్యి పెట్టి చూస్తాడు, మళ్లీ కలుపుతాడు. బండరాళ్లు ఎత్తిన ఆ చేతులకు పిల్లను పట్టుకోవడం చేతకావడం లేదు. పిల్ల చలికి ఏడుస్తోంది. లోపల మంచం మీద చిన్నమ్మ పడుకుని ఉంది, తలకు గుడ్డ కట్టుకుని. నన్ను చూసి తాత గతుక్కుమన్నాడు.

"ఎవలే? ఓ, దాని మనుమరాలువా" అని పిల్లను గుడ్డల్లో చుట్టుతూ, "మీ అవ్వ మంచిగున్నదా?" అన్నాడు.

తల ఊపాను. చిన్నమ్మ లోపలినుంచి పిలిచింది. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిందట, కాన్పై పన్నెండు రోజులైందట. ఒళ్లు కాలుతోంది. "అత్తమ్మకు చెప్పకు బిడ్డా, ఆమెకు మనసుల పడ్తది" అంది. గుడ్డల్లో చుట్టిన పిల్లను చూపించింది. పిల్ల నా వేలు పట్టుకుని వదల్లేదు. పాలకు పోవాలన్న సంగతే మరిచిపోయాను.

చెప్పొద్దంటే ఆగే వయసా నాది? ఇంటికి రాగానే పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు చేస్తున్న అవ్వ పక్కన కూర్చుని చెవిలో చెప్పేశాను.

అవ్వ నావైపు చూడలేదు. రొట్టె కొడుతూనే, "పిల్లనా, పిలగాడా?" అంది.

"పిల్ల."

"ఎంట్రుకలున్నయా?"

"మస్తున్నయ్."

"నీళ్లు ఎవలు పోస్తుండ్రు?"

"తాతనే. పిల్ల ఏడుస్తున్నదవ్వా. చిన్నమ్మకు జరమొచ్చింది."

అవ్వ చేతులు ఆగిపోయాయి. పెనం మీద రొట్టె మాడి పొగ వచ్చింది. అవ్వ చేతిలో రొట్టె మాడడం నేను అంతకు ముందు ఎన్నడూ చూడలేదు. "పో, ఈ ముచ్చట ఎవ్వలకు చెప్పకు" అని నన్ను లేపింది. ఆ తర్వాత నాలుగు రోజులూ అవ్వ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఒకసారి చెప్పులు వేసుకుని వాకిలి దాకా పోయి, కాసేపు నిలబడి, మళ్లీ లోపలికి వచ్చి చెప్పులు విడిచింది.

పండుగనాడు పొద్దున పూజకు ఫాదర్ వచ్చాడు. మలయాళీ, కొత్తగా వచ్చాడు. పుస్తకంలో ఉన్నట్టే తెలుగు మాట్లాడేవాడు. పీఠం మీద పళ్లెంలో సుద్దముక్కలు పెట్టి ఆశీర్వదించాడు. ప్రసంగంలో, "ఆ నక్షత్రము రాజుగారి కోటపైన ఆగలేదు, ఒక ఇంటిపైన ఆగినది. శిశువు ఉన్న ఇంటిపైన" అన్నాడు. మిగతా ప్రసంగం నాకు గుర్తులేదు. క్రిస్మస్‌కు గుడి మూలన కట్టిన పశువుల పాకలో ఉన్న మట్టి బాలయేసు పాదాలు అందరం వరుసగా ముద్దుపెట్టుకున్నాం. ఆ పాదాలు రంగు ఎప్పుడో పోయి తెల్లగా ఉండేవి.

సాయంత్రం పొద్దు వాలగానే ఇండ్లు ఆశీర్వదించడానికి బయల్దేరాం. ముందు నేను చుక్కతో. గాలికి కట్టె ఊగుతుంటే అవ్వ వచ్చి నా భుజం పట్టుకుని నడిచింది. వెనక జనపనార గడ్డాలతో రాజులు, వాళ్ల వెనక ఫాదర్, ధూపకలశం ఊపుతూ ఉపదేశి తాత, తర్వాత డప్పు, ఆడవాళ్ల పాట. ప్రతి దర్వాజ పైనా ఫాదర్ సుద్దతో రాసేవాడు, ఇంటివాళ్లు మా దోసిళ్లలో సకినాలు పోసేవాళ్లు. ఆఖరున సంఘపెద్ద ఇల్లు. అక్కడ అందరికీ ఉడికించిన శెనగ గుడాలు, అల్లం చాయ్ తయారుగా ఉన్నాయని అప్పటికే వాసన వస్తోంది.

పిండిగిర్ని దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడికి పోతే సంఘపెద్ద ఇల్లు. నేను ఎడమకు తిరిగాను.

"ఓ పిల్లా, యాడికే? గిటు గాదు, గటు, గటు!" వెనకనుంచి సంఘపెద్ద అరుస్తున్నాడు. డప్పు చప్పుడులో విననట్టే నడిచాను. రాజులు నా వెనకే వచ్చారు, వాళ్లకు చుక్క తప్ప ఏమీ తెలియదు. రాజుల వెనక ఫాదర్, ఫాదర్ వెనక అందరూ.

మేస్త్రి తాత ఇంటి ముందు ఆగి చుక్కను నిటారుగా ఎత్తి పట్టుకున్నాను. డప్పు ఆగింది. పాట ఆగింది. తలుపు తీసుకుని ఆయన బయటికి వచ్చాడు. ఇంతమందిని చూసి ఆయన మొహం మారిపోయింది. బిడ్డ వచ్చిందని తెలిసి గొడవకు వచ్చారనుకున్నాడేమో.

"ఏందిది? ఏమైంది?"

ఫాదర్‌కు ఏమీ అర్థం కాలేదు. "ఈ గృహమును ఆశీర్వదించవలెనా?" అని ఉపదేశి తాతను అడిగాడు. ఆయన ధూపకలశం పట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. ఆ తీర్మానంలో ఆయన కూడా కూర్చున్నవాడే.

"దారి తప్పినట్టున్నరు. పెద్దాయన ఇల్లు గటు" అన్నాడు మేస్త్రి తాత, తలుపు మీద చెయ్యి వేసి.

"తప్పలే. పాప ఈడున్నది గద" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. సరిగ్గా అప్పుడే లోపల పిల్ల ఏడ్చింది. నా భుజం మీద చెయ్యి తేలికైంది. అవ్వ నన్ను దాటి, రాజుల్ని పక్కకు జరిపి, గడప దగ్గరికి పోయి నిలబడింది.

"జరుగు అన్నా. నీళ్లు ఎట్ల పోస్తున్నవో ఏమో, పిల్ల గొంతు బొంగురు పోయింది."

మూడేళ్ల తర్వాత అన్నతో ఆమె అన్న మొదటి మాట అది. ఆయన జరగలేదు. చెల్లెలి మొహంలోకి అట్లాగే చూశాడు. తర్వాత తలుపు మీద నుంచి చెయ్యి తీశాడు.

లోపల చిన్నమ్మ లేవబోతే అవ్వ భుజాలు పట్టి పడుకోబెట్టింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. ఇద్దరూ ఏడ్చారు, కానీ ఎక్కువసేపు కాదు, అవ్వకు పనులు కనబడ్డాయి. పిల్లను ఎత్తుకుని తల వాసన చూసి, "సాంబ్రాణి పొగనే వెయ్యలేదా దీనికి? తల పచ్చిగున్నది" అని, వాకిట్లోకి వచ్చి ఉపదేశి తాత చేతిలోని ధూపకలశం మూత తీసి, నిప్పులు మట్టిమూకుడులో కుమ్మరించుకుంది.

"అయ్యో, గది దేవునికి వేసిన సాంబ్రాణి!" అన్నాడాయన.

"దేవుడు గూడ గింతే ఉండె గద అప్పుడు" అంది అవ్వ. మూకుడు మీద గంప బోర్లించి, పైన మెత్తటి బట్ట పరిచి, పిల్లను పడుకోబెట్టి వెంట్రుకలకు పొగ పట్టింది. పిల్ల ఏడుపు ఆపింది. తర్వాత అవ్వ కళ్లు నా దోస్తు చేతిలోని డబ్బా మీద పడ్డాయి.

"గదేందే?"

"బోళం" అంది నా దోస్తు డబ్బా వెనక్కి దాచుకుంటూ. "ఇయ్య. ఇది సచ్చినోల్లకు పూసేదంట!"

"ఎవలన్నరే? బాలింతకు నూరి పోసేది. తే ఇటు."

ఫాదర్ అప్పటికి కొంత గ్రహించాడనుకుంటాను. ఏమీ అడగకుండా లోపలికి వచ్చి, తల్లికీ పిల్లకూ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, బయటికి వచ్చి దర్వాజ పైన సుద్దతో రాశాడు. దర్వాజ ఎత్తు తక్కువ, ఆయన వంగి రాయాల్సి వచ్చింది. ఉపదేశి తాత మేస్త్రి తాత చెయ్యి పట్టుకుని, "తప్పయింది తమ్మీ" అన్నాడు మెల్లగా. మేస్త్రి తాత చెయ్యి విడిపించుకోలేదు.

అందరూ ఉన్నారని చెప్పను. సంఘపెద్ద సందు మొదట్లోంచే వెనక్కి తిరిగాడు, సగం మంది ఆయనతో పోయారు. ఆ రోజు శెనగ గుడాలు నాకు దక్కలేదు. ఇంట్లో అమ్మ నాకు వీపు మీద రెండు వేసింది, పెద్దల ముందు పరువు తీశానని. ఈస్టరు దాకా సంఘపెద్ద మా అవ్వతో మాట్లాడలేదు. అవ్వకు అది పట్టినట్టే లేదు. రోజూ పొద్దున్నే దగ్గర దారినే పోయి పిల్లకు నీళ్లు పోసి, చిన్నమ్మకు మిరియాల చారు పోసి వచ్చేది. వారానికి జ్వరం తగ్గింది. మూడో నెలలో చిన్నమ్మను రామారెడ్డిలో దిగబెట్టడానికి అన్నాచెల్లెండ్లు కలిసి పోయారు, నన్నూ తీసుకుపోయారు. చిన్నమ్మ అత్తగారు మా అవ్వను మంచం మీద కూర్చోబెట్టి కాళ్లకు నీళ్లిచ్చింది.

మేస్త్రి తాత మాత్రం వెంటనే గుడికి రాలేదు. "నా ఇంటికి అచ్చిండ్రు, సాలు" అనేవాడు. రెండేళ్లకు ఉపదేశి తాత చనిపోయినప్పుడు గుడికి వచ్చి గోడకు ఆనుకుని వెనక నిలబడ్డాడు. ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చాడు. కానీ ఎప్పుడూ కూర్చోలేదు, ఆ గోడ దగ్గరే నిలబడేవాడు.

ఇప్పుడు ఆ పెంకుల గుడి లేదు, స్లాబు గుడి ఉంది. ఆ సందు సగం రోడ్డులో పోయింది. సగం మంది కామారెడ్డి చేరాం, కొందరు దుబాయి, మస్కట్ పోయారు. ఆ పిల్ల రామారెడ్డిలో బట్టలు కుడుతుంది, ఆమెకు ఇద్దరు పిల్లలు. మా ఊళ్లో పాతవాళ్లు నేను కనబడితే ఇప్పటికీ ఆ ముచ్చట చెబుతారు. దేవుడే నన్ను అటు తిప్పాడంటారు. వింటూ ఊరుకుంటాను. నిజం నాకు తెలుసు. పిల్లను ఇంకోసారి చూడాలని, నా వేలు మళ్లీ పట్టుకుంటుందేమో అని తిరిగాను, అంతే.

ఈ సంగతి ఒక్క అవ్వకే చెప్పాను. నేను టీచర్ ట్రైనింగులో ఉన్నప్పుడు, అవ్వ మంచాన పడ్డ రోజుల్లో, ఒక మధ్యాహ్నం తల దువ్వుతూ, "అవ్వా, ఆ దినం నాకు దారి ఎరుకనే ఉండె. కావాల్ననే తిరిగిన" అన్నాను.

"నాకెరుక లేదా?" అంది అవ్వ కళ్లు తెరవకుండానే. "నీ భుజం మీద నా చెయ్యే ఉండె. గుంజితె ఆగకపోదువా?"

"మరెందుకు గుంజలే?"

అవ్వ తల గోడవైపు తిప్పుకుంది. నిద్రపోయిందనుకున్నాను.

"నా అంతట నేను పోవుడు శాతగాలే బిడ్డా" అంది.

అప్పుడు నాకు అది చిన్న మాటగానే వినబడింది. చిక్కు తీస్తూ ఉండిపోయాను. ఇప్పుడు నేను అవ్వ అప్పటి వయసుకు దగ్గర పడ్డాను. ఇదే కామారెడ్డిలో, రెండు గల్లీల అవతల, ముందునుంచి పోలేక నేను చుట్టూ తిరిగి పోయే ఇల్లు ఒకటి నాకూ ఉంది.